చెత్తగుట్టకు గ్యాసు బావులు

దమ్మాయిగూడ, నాగారం, జవహర్‌నగర్ వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకు గాలి ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి కిటికీ తెరవాల్సిన పని లేదు. హైదరాబాద్ చెత్త రెండు దశాబ్దాలకు పైగా వచ్చి చేరుతున్న డంపింగ్ యార్డు అక్కడే ఉంది. ఆ దుర్వాసన మీద ధర్నాలు జరిగాయి, కేసులు నడిచాయి. జరగాల్సిందే. అయితే ముక్కుపుటాలు అదిరేలా చేసే ఆ హైడ్రోజన్ సల్ఫైడ్, దాని తోటి గంధకపు వాయువులు చెత్తగుట్ట నుంచి వచ్చే గ్యాసులో నూటికి ఒక వంతు కూడా ఉండవు. మిగతాదంతా కాస్త అటూ ఇటుగా సగం మీథేన్, సగం కార్బన్ డయాక్సైడ్. రెంటికీ రంగు లేదు, వాసన లేదు. మన వంటగ్యాసుకు ఉన్న వాసన కూడా దాని సొంతం కాదు, లీకైతే తెలియాలని కంపెనీలు కలిపిన ఇథైల్ మెర్కాప్టన్‌ది. చెత్తగుట్ట మీథేన్‌కు అలా వాసన కలిపేవాళ్లు ఎవరూ లేరు. అందుకే దాని గురించి ధర్నా చేసేవాళ్లూ లేరు.

ఆ మీథేన్ గురించే ఈ వ్యాసం. నగరాల చెత్త వల్ల వాతావరణానికి జరుగుతున్న నష్టంలో పెద్ద భాగం దానిదే. దాన్ని పట్టే ఉపాయమూ మన చేతిలో ఉంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డెస్ దగ్గర 1975 నాటికే చెత్త గ్యాసును వ్యాపారస్థాయిలో వాడుకోవడం మొదలుపెట్టారు. అంటే యాభై ఏళ్ల వయసున్న సాంకేతికత ఇది. మన దగ్గర ఇది ఎక్కడ పని చేస్తుందో, ఎక్కడ చెయ్యదో తెలియాలంటే ముందు గుట్ట లోపల ఏం జరుగుతుందో చూడాలి.

లారీ తెచ్చి పోసిన చెత్తలో మొదట గాలి ఉంటుంది. అన్నం, కూరగాయల తొక్కలు, విస్తరాకులు, పూలదండలు గాలి పీల్చే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. అవి కొద్ది రోజుల్లోనే ఉన్న ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. ఈలోగా పైన మరో పొర చెత్త పడుతుంది, బుల్డోజర్ తొక్కుతుంది. ఇక లోపలికి గాలి అందదు. అప్పుడు గాలి లేకుండా బతికే బాక్టీరియా రంగంలోకి దిగి పిండిపదార్థాలను, మాంసకృత్తులను ఆమ్లాలుగా విడగొడతాయి. గుట్ట అడుగున కారే నల్లటి లీచేట్ ఈ దశలో బాగా పుల్లబారి ఉంటుంది. చివరగా వచ్చేవి మీథేనోజెన్లు. ఇవి బాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే తెగ. ఆక్సిజన్ సోకితే చచ్చిపోతాయి. ఆ ఆమ్లాలనూ, హైడ్రోజన్‌నూ తిని మీథేన్‌ను వదులుతాయి. పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్టిలో పని చేసే జీవులు కూడా ఇవే. తొట్టి మీద గ్యాసును పట్టి ఉంచే డోము ఉంటుంది. చెత్తగుట్ట మీద ఏమీ ఉండదు, తయారైన గ్యాసు తయారైనట్టే ఆకాశంలోకి పోతుంది.

ఎంత పోతుంది? వాతావరణ మార్పుల అంతర్‌ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, దేశాలు తమ ఉద్గారాలను లెక్కగట్టడానికి ఇచ్చిన సూత్రం ఒకటి ఉంది. తడి ఆహార వ్యర్థాల బరువులో కుళ్లగల కార్బన్ సుమారు 15 శాతం. అందులో సగం నిజంగా కుళ్లుతుంది. వచ్చే గ్యాసులో సగం మీథేన్. ఈ లెక్కన గాలి తగలకుండా లోతుగా పూడ్చిన ఒక టన్ను ఆహార వ్యర్థాల నుంచి, పూర్తిగా కుళ్లేసరికి, దాదాపు 50 కిలోల మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో ఒక కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలోనైతే దాదాపు 80 కిలోల అంత. అంటే పెళ్లిపందిట్లో మిగిలి పారబోసిన టన్ను అన్నం, కూరలు వందేళ్ల లెక్కలో టన్నున్నర కంటే కొంచెమే తక్కువ కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్ల లెక్కలో నాలుగు టన్నులతో సమానం.

అదే 50 కిలోల మీథేన్‌ను కాల్చేస్తే మిగిలేది సుమారు 137 కిలోల కార్బన్ డయాక్సైడ్. అదీ పైరు ఏడాది కిందటో రెండేళ్ల కిందటో గాలి నుంచి తీసుకున్నదే, బొగ్గులాగా భూమి లోపలి నుంచి తవ్వి తెచ్చింది కాదు. అందుకే ఉద్గారాల లెక్కల్లో దాన్ని కొత్త భారంగా చూడరు. చెత్త గ్యాసు విషయంలో మొదటి ప్రయోజనం దాన్ని మండించడంలోనే ఉంది. దాంతో కరెంటు తీసినా, బస్సు నడిపినా అది అదనపు లాభం. ఈ వరస మన నగరపాలక సంస్థల్లో తరచూ తలకిందులవుతోంది. ఎన్ని మెగావాట్లు వస్తాయన్న ప్రశ్న ముందు వస్తుంది. గిట్టదని తేలితే మొత్తం ఆలోచనే అటకెక్కుతుంది. పది లక్షల టన్నుల చెత్త ఉంటే ఒక మెగావాటు కంటే కొంచెం తక్కువే వస్తుందని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే స్థూలమైన అంచనా. కరెంటు కోసమే అయితే నిజంగానే అది పెద్ద సంగతి కాదు. వాతావరణం కోసమైతే, కరెంటు ఒక్క యూనిట్ రాకపోయినా గొట్టం చివర మంట పెట్టి మీథేన్‌ను కాల్చడం ఎంతో విలువైన పని. ఆ మంటను ఫ్లేర్ అంటారు. దానికో గొట్టాల వల, ఒక బ్లోయర్, ఒక బర్నర్ చాలు.

ఇక్కడ మనం మామూలుగా అనుకునేదానికి ఎదురుగా ఉండే విషయం ఒకటుంది. ఊరవతల పలచగా చెల్లాచెదురుగా పోసిన చెత్తకు గాలి తగులుతుంది కాబట్టి దాన్నుంచి మీథేన్ తక్కువ వస్తుంది. ఐపీసీసీ లెక్కల్లో పద్ధతిగా పూడ్చిన చెత్త నుంచి వచ్చే మీథేన్‌ను 1 అనుకుంటే, అయిదు మీటర్లకు మించి లోతున్న పద్ధతిలేని గుట్ట నుంచి 0.8, అంతకంటే పలచటి కుప్ప నుంచి 0.4 మాత్రమే వస్తుంది. అంటే నగరం చక్కగా స్థలం చదును చేసి, అడుగున షీటు పరచి, చెత్తను తొక్కి, మట్టి కప్పి శుభ్రమైన ల్యాండ్‌ఫిల్ కట్టుకుంటే నీళ్లకు మేలు, ఈగలు దోమలు తగ్గుతాయి, మీథేన్ మాత్రం పెరుగుతుంది. పలచటి కుప్పలే మేలని దీని అర్థం కాదు, వాటి లీచేట్ బావుల్లోకి దిగుతుంది, వాటి పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్యాసు గొట్టాలు లేకుండా కట్టే ల్యాండ్‌ఫిల్ సగం పని మాత్రమే అని అర్థం. టెండరు పత్రాల్లో ఈ గొట్టాలను 'తర్వాతి దశ'కు నెట్టేయడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

గ్యాసును పట్టే పద్ధతి బోరుబావుల మధ్య పెరిగిన మనకు ఊహించుకోవడం తేలికే. రెండు మూడు అడుగుల వెడల్పున చెత్తలోకి రంధ్రం తొలుస్తారు. మొత్తం లోతులో సుమారు ముప్పాతిక వంతు వరకే దిగుతారు, అడుగున పరచిన షీటు చిరిగితే లీచేట్ నేలలోకి పోతుంది కాబట్టి. అందులో కిందిభాగమంతా చిల్లులున్న ప్లాస్టిక్ పైపు దింపి చుట్టూ కంకర పోస్తారు. పైభాగాన్ని బెంటొనైట్ బంకమట్టితో బిగిస్తారు. బావి తల మీద ఒక వాల్వు, గ్యాసు నమూనా తీయడానికి చిన్న రంధ్రం ఉంటాయి. ఇలాంటి బావులన్నిటినీ పైపులతో కలిపి ఒక బ్లోయర్‌కు తగిలిస్తారు. అది సున్నితంగా లాగుతూ ఉంటుంది. గుట్ట లోపల వెచ్చగా, తడిగా ఉంటుంది కాబట్టి పైపుల్లోకి వచ్చిన గ్యాసు చల్లారగానే నీరు కడుతుంది. ఆ నీరు జారిపోయేలా పైపులకు వాలు ఇవ్వాలి. గుట్ట ఏటా కుంగుతుంటుంది. ఇవాళ ఇచ్చిన వాలు రెండేళ్ల తర్వాత పల్లంగా మారి నీళ్లు నిలిచి గ్యాసు ఆగిపోతుంది. మళ్లీ తవ్వి సరిచేయాలి.

లాగడం అన్నది చేయి తిరిగిన మనిషి చేయాల్సిన పని. తక్కువ లాగితే గ్యాసు పక్కల నుంచి జారిపోతుంది. ఎక్కువ లాగితే పైమట్టి పగుళ్ల గుండా బయటిగాలి లోపలికి వస్తుంది. ఆక్సిజన్ తగిలి మీథేనోజెన్లు చస్తాయి, దాంతోపాటు గుట్ట లోపల నిప్పు రాజుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే బావి తల దగ్గర ఆక్సిజన్ మీద, ఉష్ణోగ్రత మీద కన్నేసి ఉంచాలని అమెరికాలో నియమం పెట్టుకున్నారు. బావి బావికీ వెళ్లి మీటరు పెట్టి, వాల్వును పావు చుట్టు తిప్పి, రాసుకుని వచ్చే సాంకేతిక సిబ్బంది మీదే ఈ వ్యవస్థ మొత్తం నిలబడి ఉంది. ప్రారంభోత్సవం రోజున శిలాఫలకం మీద వాళ్ల పేర్లు ఉండవు.

పట్టని గ్యాసు ఎలా ప్రవర్తిస్తుందో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో లోస్కో అనే ఊరు చూసింది. 1986 మార్చి 24న అక్కడ ఒక ఇల్లు పేలి నేలమట్టమైంది. ఇంట్లో ఉన్న ముగ్గురూ తీవ్రంగా గాయపడ్డారు. పక్కనే పాత మట్టి గనిని చెత్తతో పూడ్చి పైన మట్టి కప్పేశారు. గ్యాసుకు పైకి దారి లేక రాతి పొరల పగుళ్ల గుండా పక్కకు ప్రయాణించింది. ఆ ముందు ఏడు గంటల్లో వాతావరణ పీడనం 29 మిల్లీబార్లు పడిపోయింది. బయటి పీడనం తగ్గడంతో నేల లోపలి గ్యాసు ఒక్కసారిగా బయటకు ఎగదన్ని ఇంటి కింద చేరింది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పాత చెత్తగుట్టల అంచున వెంచర్లు వేసే నగరాలన్నీ ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోవాలి. తుపాను ముందు పీడనం పడిపోవడం మన కోస్తాకు కొత్త కాదు.

మంటల సంగతి మనం చూస్తూనే ఉన్నాం. చెన్నై పెరుంగుడిలో 2022 ఏప్రిల్‌లో, కొచ్చి బ్రహ్మపురంలో 2023 మార్చిలో, ఢిల్లీ గాజీపూర్‌లో పలుమార్లు గుట్టలు అంటుకున్నాయి. బ్రహ్మపురం పొగ పది రోజులకు పైగా కొచ్చి నగరాన్ని కమ్మేసింది. ప్లాస్టిక్ మండుతుందని అందరికీ తెలుసు, కానీ లోపలి నుంచి ఆ మంటకు ఇంధనం అందించే వాటిలో మీథేన్ ఒకటి. బావులు తవ్వి దాన్ని బయటికి లాగేస్తే మంటల ముప్పు కూడా తగ్గుతుంది. గుట్ట మీద చెత్త ఏరుకుని బతికేవాళ్లకు అందరికంటే ముందు దక్కే లాభం అదే.

పైకి లాగిన గ్యాసును నేరుగా ఇంజిన్‌లో పోయడానికి వీల్లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ లోహాన్ని తినేస్తుంది. అంతకంటే విచిత్రమైన శత్రువులు సైలాక్సేన్లు. షాంపూలు, క్రీములు, డియోడరెంట్ల లాంటి వాటిలో వాడే సిలికాన్ సమ్మేళనాలు ఇవి. చెత్తలో చేరి ఆవిరై గ్యాసులో కలుస్తాయి. ఇంజిన్‌లో మండినప్పుడు సన్నటి ఇసుకలాంటి సిలికాగా మారి పిస్టన్ల మీద, వాల్వుల మీద పేరుకుని వాటిని అరగదీస్తాయి. వీటిని వడకట్టాలి. కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వేరు చేసి మీథేన్‌ను 90 శాతం పైకి తెస్తే అది సీఎన్‌జీతో సమానమైన ఇంధనం, దాన్నే సీబీజీ అంటున్నాం.

జవహర్‌నగర్‌లో జరిగింది ఇదే. అక్కడ పేరుకున్న సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్త మీద మట్టి, షీట్ల పొరలు వేసి కప్పారు. దీన్నే క్యాపింగ్ అంటారు. లోపలి గ్యాసును పైపులతో లాగి, శుద్ధి చేసి వాహనాల ఇంధనంగా మార్చే ప్లాంటు 2021లో మొదలైంది. దీన్ని అక్కడే ఉన్న కరెంటు ప్లాంటుతో చాలామంది కలిపి మాట్లాడతారు. 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన ఆ ప్లాంటు చెత్తను బాయిలర్‌లో కాల్చి ఆవిరి పుట్టిస్తుంది. దానికి కావాల్సింది కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ లాంటి మండే చెత్త. గ్యాసు బావులకు కావాల్సింది కుళ్లే చెత్త. ఒకటి పొయ్యి, ఇంకొకటి పులియబెట్టే పని. ఒక దాని మంచిచెడ్డలు రెండోదానికి అంటగట్టకూడదు. కాల్చే ప్లాంటు మీద ఎన్ని అభ్యంతరాలైనా ఉండొచ్చు, వాటిలో కొన్ని నాకూ ఉన్నాయి. పాత గుట్ట నుంచి మీథేన్‌ను లాగి వాడుకోవడం మీద మాత్రం వాతావరణం కోణంలో చెప్పదగ్గ అభ్యంతరం ఏదీ నాకు కనపడదు.

అయితే దాంతోనే సమస్య తీరుతుందని నమ్మడానికి ఒక పెద్ద అడ్డు ఉంది, అది కాలం. ఆహార వ్యర్థాలు చల్లటి పొడి దేశాల్లో సగం కుళ్లడానికి పది పన్నెండేళ్లు పడుతుంది. వానలు బాగా పడే ఉష్ణమండలంలో రెండేళ్ల లోపే సగం కుళ్లిపోతాయని ఐపీసీసీ లెక్క. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్త. గుట్ట పూర్తిగా నిండి, మూసేసి, టెండరు పిలిచి, బావులు తవ్వేసరికి పదిహేనేళ్లు గడుస్తాయి. అప్పటికి తిండి పదార్థాల గ్యాసులో ఎక్కువ భాగం వెళ్లిపోయి ఉంటుంది. మిగిలేవి నిదానంగా కుళ్లే చెక్క, కాగితం, గుడ్డపేలికలు. అమెరికా లాంటి చోట కూడా ఈ చిక్కు ఉంది. ల్యాండ్‌ఫిల్ చేరిన ఆహార వ్యర్థాల నుంచి పుట్టే మీథేన్‌లో 61 శాతం గొట్టాలకు చిక్కకుండానే పోతోందని అమెరికా పర్యావరణ సంస్థ 2023లో తేల్చింది. ఆ వ్యర్థాల్లో కార్బన్ సగం కుళ్లిపోవడానికి మూడున్నరేళ్లు చాలు. బావులు అంతకంటే ఆలస్యంగా వస్తాయి.

ముంబయి గోరాయి గుట్ట దీనికి మన దేశపు ఉదాహరణ. 2007లో దాన్ని మూసి, కప్పి, బావులు తవ్వి, గ్యాసును మండించి కార్బన్ క్రెడిట్లు సంపాదించాలని పథకం వేశారు. క్యోటో ఒప్పందం కింద ప్రపంచంలో మొట్టమొదట నమోదైన ప్రాజెక్టు, 2004లో బ్రెజిల్‌లోని నోవాజెరార్, ఇలాంటి చెత్త గ్యాసుదే కావడంతో అప్పట్లో ఆశలు ఎక్కువగా ఉండేవి. గోరాయి మూసివేత వల్ల చుట్టుపక్కల జనానికి ఊపిరి సలిపింది, ఒక మురికి కూపం పచ్చటి గుట్ట అయింది. గ్యాసు మాత్రం అనుకున్నంత రాలేదు. ప్రపంచమంతటా ఇలాంటి ప్రాజెక్టుల్లో చాలావాటిది ఇదే కథ. అంచనాలు చలిదేశాల నమూనాల మీద వేశారు. మన చెత్తలో నీరెక్కువ కాబట్టి లీచేట్ బావుల్లోకి ఎక్కి చిల్లులను ముంచేస్తుంది, గ్యాసుకు దారి మూసుకుపోతుంది.

బావులకు చిక్కనిది ఎంతో ఇప్పుడు ఆకాశం నుంచి కనిపిస్తోంది. ఢిల్లీ, ముంబయి, లాహోర్, బ్యూనస్ ఎయిర్స్ నగరాల మీద ఉపగ్రహాలతో చేసిన అధ్యయనం 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. ముంబయిలోని ఒకే ఒక్క ల్యాండ్‌ఫిల్ నుంచి గంటకు దాదాపు 10 టన్నుల మీథేన్ వెలువడుతోందని అందులో లెక్కగట్టారు. మీథేన్ అణువు పరారుణ కాంతిలో కొన్ని తరంగాలను మాత్రమే మింగేస్తుంది. భూమి మీద పడి తిరిగొచ్చే ఎండలో ఆ తరంగాలు ఎక్కడ లోపించాయో చూసి ఉపగ్రహం దాని జాడ పడుతుంది. నగరపాలక సంస్థ నివేదికలో ఏం రాసుకున్నా, ఏ గుట్ట ఎంత వదులుతోందో బయటివాళ్లు కొలవగల రోజు వచ్చేసింది. నాకు ఇది చాలా ఆశ కలిగించే సంగతి.

తడి చెత్త గుట్టకు చేరకముందే దాని గ్యాసును డోము కింద తీసేసుకోవడం ఇంతకంటే తెలివైన దారి. సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో అది జరుగుతోంది. రోజుకు దాదాపు పది టన్నుల మిగులు కూరగాయలను అక్కడే రుబ్బి, ట్యాంకులో పులియబెట్టి, రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, మార్కెట్ క్యాంటీన్‌కు వంటగ్యాసు తీసేలా ప్లాంటు పెట్టారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన డైజెస్టర్ అది. 2021 జనవరిలో ప్రధాని తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ మార్కెట్ గురించి చెప్పారు. ఇండోర్‌లో అదే పని నగరస్థాయిలో చేస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో మొదలైన అక్కడి ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త. దాన్నుంచి సుమారు 17 టన్నుల సీబీజీ తీయవచ్చు. ఇండోర్‌కు ఇది సాధ్యమైంది యంత్రాల వల్ల మాత్రమే కాదు. ఇంటి గుమ్మం దగ్గరే తడి చెత్త వేరుగా వస్తోంది. కలిపేసిన చెత్తను డైజెస్టర్‌లో వేస్తే గాజుపెంకులు, ప్లాస్టిక్ సంచులు పంపులను పట్టేస్తాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇళ్లకు వేర్వేరు బుట్టలు పంచారు. చాలాచోట్ల వాటిని మళ్లీ ఒకే బండిలో కుమ్మరించడం అందరం చూశాం. బుట్టలు పంచిన చోటే బండి లోపల అడ్డుగోడ కూడా ఉందో లేదో చూడాలి.

పెద్ద నగరాల సంగతి ఇలా ఉండగా చిన్న పట్టణాల మాటేమిటి? యాభై వేల జనాభా ఉన్న మున్సిపాలిటీ గుట్టకు బావులు, బ్లోయర్, ఫ్లేర్ పెట్టడం గిట్టదు, మంట నిలబడేంత గ్యాసు కూడా రాదు. వాటికి పనికొచ్చేది బయోకవర్. మట్టిలో మీథేనోట్రోఫ్‌లు అనే బాక్టీరియా సహజంగానే ఉంటాయి. మీథేన్‌ను తిని బతికి, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. మామూలు పైమట్టి పొర దాటి వచ్చే మీథేన్‌లో పదో వంతును అవి తింటాయని ఐపీసీసీ లెక్కలో వేసుకుంటుంది. వట్టి మట్టికి బదులు బాగా మాగిన కంపోస్టు మందంగా పరిస్తే, కింద కంకర పొర వేసి గ్యాసు సమంగా పాకేలా చేస్తే, అవి ఇంకా ఎన్నోరెట్లు పెరిగి తింటాయి. డెన్మార్క్ పాత గుట్టల మీద ఈ పొరలు వేయడానికి ప్రభుత్వ డబ్బు ఇచ్చింది. మన పట్టణాల్లో కంపోస్టు యార్డులు ఉన్నాయి. రైతులు కొనక మిగిలిన ఎరువు, గాజుముక్కలు కలిసి పొలానికి పనికిరాని ఎరువు అక్కడ కుప్పలుగా పడి ఉంటోంది. గుట్ట మీద మీటరు మందాన పరచడానికి ఆ ఎరువు పనికొస్తుంది, వేసవిలో తడి ఆరిపోకుండా దాని మీద గడ్డి పెంచుకుంటే చాలు.